బయట కూర్చునే మూడు రోజులు

నాకు ముట్లు ఆగిపోయాయని ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కాదు. చెబితే నా మూడు రోజులు పోతాయని చెప్పలేదు.

మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. నడవలో రెండు గుంత మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన నేస్తాడు, ఇంకోదాని మీద నేను నేస్తాను. మా అత్తకు మగ్గమంటే దేవుడితో సమానం. బయట చేరిన ఆడది మగ్గాన్ని ముట్టకూడదు, నూలు ముట్టకూడదు, కండె చుట్టకూడదు, పొయ్యి దగ్గరికి రాకూడదు. పెరట్లో రేకుల కొట్టం ఉంది. అందులో ఒక చాప, ఒక చెంబు, ఒక కంచం. ఆ మూడు రోజులూ అక్కడే. అత్త వచ్చి కంచానికి చెయ్యి తగలకుండా పైనుంచి అన్నం పోస్తుంది. నాలుగో రోజు తలకు పోసుకుని లోపలికి రావాలి. మా వీధిలో చాలా ఇళ్లవాళ్లు ఇవన్నీ ఎప్పుడో వదిలేశారు. మా అత్త వదల్లేదు.

ఒకసారి చదువుకున్న అమ్మాయిలు కొందరు వచ్చి వీధిలో మీటింగు పెట్టారు. ఇది దురాచారం, ఆడవాళ్లను అవమానించడం అన్నారు. అవమానమే, ఎవరు కాదన్నారు? కానీ పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ మూడు రోజులు తప్ప నాకు సెలవన్నది ఎవరూ ఇవ్వలేదు. పండగ నాడు మగ్గం ఆగుతుంది, పొయ్యి మాత్రం రెండింతలు మండుతుంది. కొట్టం తీసేస్తే దానికి బదులు నాకు ఏమిస్తారని ఆ అమ్మాయిలను అడుగుదామనుకున్నాను. వాళ్లు టీ తాగి ఫోటో దిగి వెళ్లిపోయారు.

నేను అక్షరాలు నేర్చుకున్నదీ ఆ కొట్టంలోనే. పెరటి గోడకు అవతల అంగన్‌వాడీలో పనిచేసి మానుకున్న టీచరమ్మ ఉంటుంది. నాకు నలభై దాటాక, నేను ఊరికే కూర్చోవడం చూసి, గోడ మీద నుంచి వాచకం అందించింది. అత్త చూసి అరిచింది.

"సరస్వతిని ముట్టుకుంటావా, ఈ గతిలో?"

దాంతో టీచరమ్మ వాచకాన్ని తన చేతిలోనే తెరిచి గోడ మీద పట్టుకునేది. నేను సుద్దముక్కతో కొట్టంలోని బండల మీద రాసేదాన్ని. బండలను ముట్టకూడదని మా అత్తకు ఎవరూ చెప్పి ఉండరు. నెలకు మూడు రోజుల చొప్పున నేర్చుకుంటే ఎన్నేళ్లు పడుతుందో అన్నేళ్లు పట్టింది. చివరికి పేపరు చదివేదాకా వచ్చాను.

తర్వాత ఒళ్లు మారడం మొదలైంది. ఒక నెల వచ్చేది, రెండు నెలలు వచ్చేది కాదు. వస్తే ఆగేది కాదు. మగ్గం మీద కూర్చుని ఉంటే ఉన్నట్టుండి ఛాతీలో నుంచి మెడ దాకా, మెడ నుంచి మాడు దాకా నిప్పు పాకినట్టు ఉండేది. చెమట బొటబొటా కారి మగ్గం మీది తెల్లని పడుగు పోగుల మీద పడేది. మా ఆయన పక్క మగ్గం నుంచే కేకలు వేసేవాడు.

"సీర మీద మరక పడితే నూలిచ్చిన సావుకారి ఎవరిని అడుగుతాడు? నన్ను అడుగుతాడు. తుడుసుకో!"

తుడుచుకోవడానికి చేతులు ఎక్కడున్నాయి? ఒక చేతిలో పోగు దూర్చే నాడె, ఒక చేతిలో పోగును కొట్టే పలక. కొంగు తీసి మొహం ఒత్తుకునేలోపు ఇంకో చుక్క పడేది. రాత్రి నిద్ర పట్టేది కాదు. పొద్దున లేస్తే మోకాళ్లు పట్టేసేవి. అన్నిటికీ మించి, ఒళ్లు వచ్చేసింది. తిండి పెరగలేదు. అంతకుముందు తిన్న రెండు రొట్టెలే ఇప్పుడూ తింటున్నాను. అయినా నడుము చుట్టూ కండ పట్టింది. గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే నేసిన బట్ట చుట్టుకునే కర్ర కడుపుకు ఆనేది. పలక లాగిన ప్రతిసారీ ఆ కర్ర వచ్చి కడుపులో పొడిచేది. పొద్దు గూకేసరికి అక్కడ ఎర్రగా వాత తేలేది.

మా ఆయన అది చూసి నవ్వాడు.

"గుంత ఇంగ కొంచెం తవ్వాల్నేమో."

"తవ్వు," అన్నాను. "తవ్వి దాంట్లోనే పూడ్సు."

అత్త దగ్గర వేరే వైద్యం ఉంది. రాత్రి బువ్వ మానేయమంది. మానేశాను. పొద్దున కళ్లు తిరిగి కండెల బుట్ట మీద పడ్డాను. "బువ్వ మానేస్తే పడిపోతారా ఎవరన్నా? యేసాలు," అంది.

ఆ రోజుల్లోనే ముట్టు పూర్తిగా ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నాకు బాగా గుర్తుంది. ఉగాది అయిన మరునాడు మా ఆడబిడ్డ ఆదోని నుంచి వచ్చి, అందరినీ ఆటోలో కైరుప్పల తీసుకుపోయింది, అక్కడి గుడి జాతరలో జనం పిడకలతో కొట్టుకునేది చూద్దామని. ఊరు చేరేసరికి ముట్టయిందని నాకు తెలిసిపోయింది. గుడి దగ్గరికి రానన్నాను. వాళ్లు దిగి పోయారు. నేను ఆటోలో కూర్చుని, దూరాన పిడకల దుమ్ము పైకి లేవడం చూశాను. అదే ఆఖరు.

ఆ తర్వాతి నెల రాలేదు. అయినా నేను చాప తీసుకుని కొట్టంలోకి పోయాను. ముందు నెల ఏ వారం పోయానో అదే వారం. ఎవరికీ అనుమానం రాలేదు. రావడానికి దారి కూడా లేదు. ముట్టుకుంటే మైల అని అంత దూరాన నిలబడేవాళ్లు నిజమో అబద్ధమో ఎట్లా తేల్చుకుంటారు? వాళ్ల భయమే నాకు తలుపు గడియ అయింది. అట్లా ఏడాది గడిపాను. నాకు తప్పనిపించలేదు. ఇప్పుడూ అనిపించదు.

ఆ మూడు రోజులూ తెల్లవారుజామునే పెరటి వాకిలి తీసుకుని నడిచేదాన్ని. బయట చేరినదానికి ఎదురు రావడం ఎందుకని వీధిలో ముసలివాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. ఆదోని రోడ్డు పట్టుకుని పత్తిచేల దాకా పోయి వచ్చేదాన్ని. నడిచిన రోజు రాత్రి నిద్ర పట్టేది. మోకాళ్లు వదిలేవి. ఆవిర్లు వచ్చినా చల్లగాలికి తొందరగా పోయేవి. మిగతా రోజుల్లో నడుద్దామంటే వీలుండేది కాదు. తెల్లారేసరికి నూలుకు పెట్టే గంజి కాచాలి, నూలు తడపాలి, మగ్గం ఎక్కాలి.

ఇంతలో మా ఆడబిడ్డ కూతురికి పెళ్లి కుదిరింది. ఆడబిడ్డ మా ఆయనకు చెల్లెలు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటికి కోడలుగా పోయింది. పోయిన నాటి నుంచి పుట్టింటికి వచ్చినప్పుడల్లా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది, మా ఇంట్లో గంజి వాసనట. చిన్నప్పుడు ఆ గంజి గిన్నెలోనే చెయ్యి పెట్టి నాకేదని మా అత్తే చెప్పింది. చీరలు చూపించడానికి వచ్చి, నన్ను గడపలోనే నిలబెట్టింది.

"ఏం వదినా ఇది! దసరాకి సూసినప్పుడు ఇంత లేవు గదా! పెండ్లిలో ఫోటో తీసేటోడు నిన్ను ఒక్కదాన్నే పెట్టుకోవాల. పక్కన ఇంగొకరు పట్టరు."

"పట్టకపోతే మీ ఆయన్ను పక్కకు జరగమను."

"నవ్వులాట కాదు వదినా. మా ఆదోనిలో ఒక మేడ మీద పొడి కలిపి పాలు ఇస్తారు. పొద్దున అది తాగితే సాలు, బువ్వ వద్దు. మా వీధి ఆడోళ్లంతా తాగుతాండారు."

"తాగి తగ్గినారా?"

"తగ్గుతాండారు."

ఆమె డబ్బా ఒకటి తెచ్చి మా అటక మీద పెట్టింది. నేను ముట్టలేదు. అత్త మాత్రం పొడి ఊరికే పోతుందని రెండు రోజులు పాలలో కలుపుకుని తాగి, కడుపు ఉబ్బి, నన్నే తిట్టింది.

పొడి తాగలేదని తెలిసి ఆడబిడ్డ ఈసారి నన్ను ఆదోనిలో ఆడ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఉగాది అయి కొన్ని రోజులే అయింది. ఎండ అప్పుడే మాడుస్తోంది. బస్సులో నాకు రెండుసార్లు ఆవిరి వచ్చింది. ఆడబిడ్డ నా రవిక వీపు తడవడం చూసి, పక్కన కూర్చున్నావిడకు చెప్పింది, "లావుంటే అంతే." ఆమె కూడా తల ఊపింది. ముక్కూమొహం తెలియనిది.

డాక్టరమ్మ ముందు బరువు తూచింది, బీపీ చూసింది. ఆడబిడ్డ బయటికి పోలేదు. నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వయసెంతమ్మా?"

ఆధార్ కార్డులో యాభై ఒకటి ఉందని చెప్పాను.

"ఆఖరిసారి ఎప్పుడైంది?"

నేను ఆడబిడ్డ వైపు చూడలేదు. "పోయిన నెల," అన్నాను.

"నెల నెలా సరిగ్గా అవుతోందా?"

"అవుతాంది. మూడు దినాలు."

ఆడబిడ్డ సాక్ష్యం చెప్పింది. "ఔ మేడం. మా అమ్మ కాడ కొట్టంలో కూసుంటాది. నాకు తెలుసు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఒంట్లో ఆవిర్లు అంటున్నావు. రాత్రి నిద్ర లేదంటున్నావు. నడుము దగ్గర లావు పెరిగిందంటున్నావు. మళ్లీ నెల తప్పకుండా వస్తోందంటున్నావు. నాకు కుదరట్లేదే! లోపల ఏమైనా ఉందేమో చూడాలి. స్కాన్ రాస్తాను."

నేను నోరు తెరిచేలోపే ఆడబిడ్డ ముందుకు జరిగింది.

"స్కాన్ ఎందుకు మేడం, గర్భసంచి తీసేయండి. మా వీధిలో ముగ్గురు తీపిచ్చుకున్నారు. పీడా పోతాది. నెలంతా మగ్గం మీద కూసోవచ్చు. మా అన్నకు గూడా ఆసరా."

నా కడుపు గురించి మాట్లాడుతోంది. అటక మీద పాత సామాను తీసేద్దామన్నట్టు మాట్లాడుతోంది. పైగా నేను పక్కనే ఉన్నాను.

"తీసేయడానికి అదేమన్నా పిప్పిపన్నా?" అంది డాక్టరమ్మ. అంటూనే స్కాన్ చీటీ రాస్తోంది. ఆ చీటీ ఎక్కడిదాకా పోతుందో నాకు తెలియలేదు. ఇప్పుడు ఆమె తీయనంటుంది. ఆడబిడ్డ తీసేవాళ్లను వెతుక్కుంటుంది. మా ఆయన సరే అంటాడు. నా మూడు రోజులు కాపాడుకోబోయి గర్భసంచిని పోగొట్టుకుంటానేమోనని భయమేసింది.

"మేడం, నేను సెప్పింది అబద్ధం," అన్నాను.

ఆమె తలెత్తింది.

"పోయినేడు కైరుప్పలలో పిడకలతో కొట్టుకున్నారు సూడండి, ఆ దినం అయింది. మళ్లా రాలేదు. మొన్న మళ్లా కొట్టుకున్నారు. ఇంతవరకు రాలేదు."

డాక్టరమ్మ చీటీ చించేసింది. ఆడబిడ్డ మాత్రం నన్నే చూస్తోంది.

"ఆ పొద్దు నువ్వు ఆటోలో కూసున్నావు. గుడికాడికి రాలేదు."

"ఔ."

"మరి అప్పటి సంది కొట్టంలో ఏం సేస్తాండావ్?"

"పండుకున్నా."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుంది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ముట్లు ఉడిగే వయసులో ఇవన్నీ ఉంటాయంది. ఒంట్లో హార్మోన్లు తగ్గుతాయి, కండ కరుగుతుంది, కొవ్వు వచ్చి కడుపు దగ్గర చేరుతుంది, తిండి పెరగకపోయినా చేరుతుంది. పస్తులుంటే కండ ఇంకా పోతుందని, బువ్వ తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు ఎక్కువ తినమంది. షుగరుకు, థైరాయిడ్‌కు రక్తం ఇచ్చిపొమ్మంది. పొడులు డబ్బు దండగ అంది. అది విని ఆడబిడ్డ మొహం పక్కకు తిప్పుకుంది. రోజూ అరగంట నడవాలంది.

"మగ్గం తొక్కుతాది గదా మేడం," అంది ఆడబిడ్డ.

"కూర్చుని కాళ్లాడిస్తే అది నడక కాదమ్మా. ఆమె లేచి నడవాలి." తర్వాత నాతో అంది, "ఒక్కటి గుర్తు పెట్టుకో. ఆగిపోయినాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనిపించినా దాచకు. వెంటనే రా. అది మంచిది కాదు."

ఆమె బాగానే చెప్పింది. కానీ చెబుతున్నంతసేపూ ఆమె నడుము వైపు చూశాను. నా నడుమంతే ఉంది. ఆమె లావుకు ఎవరూ బస్సులో సాక్ష్యం చెప్పరు.

నేను ఎక్కిన బస్సు ఎమ్మిగనూరు చేరేలోపే ఆడబిడ్డ ఫోను చేసేసింది. ఇంటికి పోయేసరికి అత్త గడపలో కూర్చుని ఉంది. ఎండలో వచ్చినదానికి నీళ్లు కూడా ఇవ్వలేదు.

"ఏడాదా?" అంది.

"ఔ అత్తా."

"ఏడాది సంది మైల లేనిదానికి పైనుంచి బువ్వ పోస్తాండానా? నీళ్లు మోస్తాండానా? ఈ మోకాళ్లతో?"

ఆమె కోపం అంతా దాని మీదే. అరిచి అరిచి ఆగింది. ఆగాక మెల్లగా మొహం మారింది. సంతోషించింది. అది చూసి నాకు ఇంకా మంటెత్తింది.

"పోనీలే. ఇంగ నువ్వు మడి మనిషివి. పూజ కాడికి, ఊరగాయలకు, అన్నిటికీ నువ్వే. నాకు ఇంగ శాతగాదు."

మా ఆయన మగ్గం దిగి వచ్చాడు. ఆయన కూడా సంతోషంగానే ఉన్నాడు. ఇంట్లోకి కొత్త మగ్గం వచ్చినంత సంతోషం.

"ఇంగ నెలంతా నేయొచ్చు గదా. సావుకారి ఇంగో పడుగు ఇస్తానంటాండాడు, తెచ్చుకుందాం."

"మేడం నడవమంది," అన్నాను.

"నడువు," అంది అత్త. "నీళ్లకు నడువు. నూలుకు నడువు. ఎవరు వద్దన్నారు?"

"ఊరికే నడవమంది."

"ఊరికే నడిస్తే ఊరోళ్లు ఏమనుకుంటారు? కోడలికి పిచ్చి పట్టిందనుకుంటారు."

అత్త, మా ఆయన, ఆడబిడ్డ, ముగ్గురికి ముగ్గురూ నా ఒంటిని చూసి లావు లావు అని ఏడాది పొడుగునా అన్నవాళ్లే. తగ్గడానికి ఏం చేయాలో తెలిసినాక ఒక్కరికీ ఆ లావు గుర్తు రాలేదు.

నా వారం వచ్చింది. తెల్లారి లేచి, చాప చుట్టుకుని, కంచం, చెంబు తీసుకుని పెరట్లోకి నడిచాను. అత్త వెనకే వచ్చింది.

"యాడికి?"

"బయటికి."

"నీకు యాడిదే బయట?"

ఆమె వెంటనే కూతురికి ఫోను చేసింది. ఫోను ఎత్తి పట్టి నాకు వినిపించింది. ఆడబిడ్డ గొంతు పెరడంతా వినపడింది.

"వదినా, రక్తం కనపడిందా? కనపడితే ఇప్పుడే బస్సెక్కు. మేడం ఏమన్నాది? స్కాన్ తీస్తారు. ఈసారి నేను వదిలిపెట్టను."

ఎంత తెలివైనదో చూడండి. ఇంతకుముందు నన్ను కాపాడిన అబద్ధం ఇప్పుడు చెబితే నేరుగా ఆదోనికి తీసుకుపోతుంది. అందుకని నిజం చెప్పాను.

"రక్తం లేదు. మైల లేదు. ఊరికే కూసుంటాండా. మూడు దినాలు."

మా ఆయన పెరటి వాకిట్లోకి వచ్చాడు. చేతిలో నాడె ఉంది.

"ఊరికే ఎవరన్నా కూసుంటారా?"

"నువ్వు టీ కొట్టుకాడ కూసోవా?"

"అది వేరు."

"ఏం వేరు?"

కొత్త పడుగు ఎక్కించి ఉందని, ఆలస్యమైతే సావుకారి దగ్గర మాట పోతుందని గొణిగాడు.

"ఆ పడుగు ఒప్పుకున్నప్పుడు నన్ను అడిగినావా?" అన్నాను. లోపలికి పోయాడు. కాసేపటికి ఒక్క మగ్గం చప్పుడు వినపడింది. నా మగ్గం ఊరికే ఉంది.

అత్త కదల్లేదు. "మైల లేనిదానికి నేను పోయను. లోపలికి రా, తిను. వచ్చినావంటే మగ్గం ఎక్కాల."

"రాను."

మధ్యాహ్నం అయింది. లోపల పప్పు తాలింపు వాసన వస్తోంది. నాకు పిలుపు లేదు. గోడ అవతల నుంచి టీచరమ్మ చూసి, జొన్నరొట్టె, పుండుకూర పప్పు గోడ మీద పెట్టింది. నేను తీసుకుంటుండగా అత్త పెరటి వాకిట్లోకి వచ్చింది. పక్కింటిది మా ఇంటి కోడలికి అన్నం పెట్టడం ఆమె కళ్లారా చూసింది. ఆమెకు అంతకంటే అప్రతిష్ట ఉండదు. టీచరమ్మ ఊరుకోలేదు.

"ఏం పెద్దమ్మా, ఈ నెల గ్యాస్ అయిపోయిందా?" అని అడిగింది.

అత్త లోపలికి పోయింది.

పొద్దు గూకేవేళకు చేతిలో గిన్నెతో వచ్చింది. కొట్టం ముందు నిలబడి, నా మొహం చూడకుండా, "కంచం పట్టు," అంది.

పట్టాను. నేను మైలలో లేనని ఆమెకు తెలుసు. ఇద్దరమూ అనుకున్న మాటే అది. అయినా ఆమె చెయ్యి కిందికి రాలేదు. అన్నేళ్లుగా ఎంత ఎత్తు నుంచి పోసిందో అంతే ఎత్తు నుంచి పోసింది. నేను కంచం కొంచెం పైకి ఎత్తాను. ఆమె చెయ్యి ఇంకొంచెం పైకి పోయింది. కోపంతో పోయిందో, అలవాటుతో పోయిందో నాకు అనవసరం. అంత దూరం ఉంటే చాలు, నన్ను పట్టుకుని లోపలికి లాగడం ఆమె వల్ల కాదు.

బువ్వ కంచం నిండా పడింది. పప్పు ఒక్క గరిటె.

"బువ్వ తగ్గిచ్చి పప్పు ఇంగో రెండు గరిటెలు పొయ్యి అత్తా," అన్నాను. "మేడం సెప్పింది."

ఆమె నన్ను చూసిన చూపుకు పచ్చిగడ్డి కూడా మండుతుంది. కానీ గరిటె గిన్నెలో ముంచింది. పోసింది. రెండో గరిటె కొంచెం నా చేతి మీద పడి చురుక్కుమంది. తుడుచుకుని తినడం మొదలుపెట్టాను. మరునాడు తెల్లవారకముందే ఆదోని రోడ్డు ఎక్కాలి.